పోయివచ్చుట: కార్తికపు కొండదారిని గూర్చి ఒక విచారము

దసరా గడచి దీపావళి సమీపించుసరికి రాజపాళయమునకు పడమటి దిక్కు మారిపోవును. వేసవియందు బూడిదవన్నెతో దూరముగా తోచిన కొండలు పచ్చబడి, నల్లబడి, ఊరి దాపునకు జరిగివచ్చినట్లు కనబడును. ఆ దినములలోనే మన యువకులలో ఒక ఉత్సాహము పుట్టును. వీపున మూట కట్టుకొని మూడు నాలుగు దినములు, వీలైనచో అంతకంటె ఎక్కువ దినములు, కొండలలో నడచి రావలెనని తలంతురు. కొందరు చతురగిరి సుందర మహాలింగస్వామిని ఉద్దేశింతురు. కొందరు మాల ధరించి శబరిగిరికి కాలినడకను పోవనెంతురు. మరికొందరికి దైవముతో పనిలేదు. నడకయే వారికి దైవము. ఇంటిలోని పెద్దలు "ఈ వానల్లో ఎందుకు నాయనా?" అందురు. పిన్నలు "వానకు భయపడితే ఇక నడిచేదెప్పుడు?" అందురు. ఈ వాదము ఏటేట జరుగును. ఏటేట తేలకయే ముగియును.

ఇది ధైర్యమునకును పిరికితనమునకును నడుమ జరుగు వాదమని ఇరుపక్షములవారును అనుకొందురు. నాకట్లు తోచదు. పెద్దలు పోవలదనుటతో తమ బాధ్యత తీరినదనుకొందురు. పిన్నలు పోయి తీరుదుమనుటతో తమ పౌరుషము నిలిచినదనుకొందురు. అసలు ప్రశ్నను ఇరువురును ముట్టరు. ఆ ప్రశ్న ఇది: ఒక కార్యమును తలపెట్టువాడు దేనిని దేనిని లెక్కకు తెచ్చుకొని తలపెట్టవలెను? తలపెట్టిన పిమ్మట నడుమనే మరలుట ఎప్పుడు దోషము, ఎప్పుడు ధర్మము? ఊరిలో చేసిన తప్పులెక్కకు దండన వచ్చుటకు ఏండ్లు పట్టును, ఒక్కొక్కప్పుడు రానేరాదు. కొండమీద అది సాయంకాలమునకే వచ్చును. కావున ఈ ప్రశ్నను విచారించుటకు కొండదారి తగిన చోటు.

మనవారి ఆచారములో దీనికి ఒక మంచి ఆధారము కలదు. పూజకు కూర్చుండువాడు ముందు సంకల్పము చెప్పును. నిత్యము వినుటచే మనము దాని వరుసను గమనింపము. అందు మొదట కోరిక రాదు. తాను ఏ ద్వీపమున, ఏ ఖండమున, ఏ పర్వతమునకు ఏ దిక్కున ఉన్నాడో మొదట చెప్పవలెను. తెలుగునాట శ్రీశైలమును గురుతుగా పెట్టుకొని దిక్కును చెప్పుట వాడుక. అటుపిమ్మట సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము వచ్చును. తరువాత తన గోత్రము, తన పేరు, తన కుటుంబము. ఇవి అన్నియు ముగిసిన పిదపనే, అందరి క్షేమమును ముందిడుకొని, కోరికను పలుకవలెను. ఇంటిలో పీటమీద కూర్చుండి చేయు పూజకే చోటును, కాలమును, తనవారిని ఇంతగా తలచుకొనవలసియుండగా, పలుదినములు కొండలలో నడువబోవువాడు "పోవుదును" అను ఒక్క కోరికతో బయలుదేరుట సంకల్పమెట్లగును? అది కోరిక మాత్రమే. కోరికకును సంకల్పమునకును గల భేదమే ఏర్పాటు.

కాలముతో మొదలిడుదము. "శరత్తు" అను మాట వినగనే తెలుగువాని మనస్సులో తేటపడిన ఆకాశము, నిండు వెన్నెల నిలుచును. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున భారతమును తెనిగించిన నన్నయభట్టు శారదరాత్రులను వర్ణించిన పద్యమే ఆయన కట్టకడపటి పద్యమని సంప్రదాయము. అందుచే ఆ వెన్నెల మనకు మరింత ప్రియమైనది. ఆశ్వయుజ కార్తికములు శరత్తనియు, మార్గశిర పుష్యములు హేమంతమనియు మన పంచాంగము చెప్పును. కాని రాజపాళయము కొండలకు ఈ సంగతి తెలియదు. నైఋతి ఋతుపవనము పడమటి కనుమల ఆవలి ప్రక్కన కురిసి, మన ప్రక్కకు చాలవరకు గాలిని మాత్రమే పంపును. మన వానలు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. అక్టోబరు నడిమి నుండి డిసెంబరు వరకు కురియును. తమిళనాటి సంవత్సరపు వానలో దాదాపు సగము ఈ కొద్ది నెలలలోనే పడును. పంచాంగము తేట ఆకాశమును చెప్పు నెలలే మనకు కారుమబ్బుల నెలలు. విజయనగరపు కాలమునను నాయకరాజుల కాలమునను మన పూర్వులు ఉత్తరమునుండి ఇచ్చటికి వచ్చిరని చెప్పుకొందుము. వారు తెచ్చిన మాటలలో శరత్తు ఒకటి. మాట మనతో వచ్చినది, ఆకాశము రాలేదు. గోదావరి, కృష్ణా తీరములందైనను ఆ మాటను పూర్తిగా నమ్మరాదని 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చెప్పినది. మాటను ప్రేమింపవచ్చును. కాని నడకకు బయలుదేరువాడు తానున్న చోటి ఆకాశమును చూడవలెను.

ఇక చోటు. మన కొండలు నిడుపుగా నిలిచిన గోడ వంటివి. ఆ గోడమీద కురిసిన నీరు సన్నని లోయలలోబడి ఒక్కసారిగా క్రిందికి దుముకును. పైన వాన పడుచుండగా క్రింద ఎండ కాయుచుండవచ్చును. కావున ఏటి గట్టున నిలుచున్నవాడు తన తలపైని ఆకాశమును చూచి నీటిని అంచనా వేయరాదు. అయ్యనార్ కోవెలకు పోయినవారు వరద వచ్చి ఆవలి ఒడ్డున చిక్కుకొనుటయు, అగ్నిమాపకదళమువారు త్రాళ్ళు కట్టి వారిని దాటించుటయు మనవారు ఎరిగినదే. 2015 మే నెలలో చతురగిరిదారిలో హఠాత్తుగా వరద వచ్చి భక్తులు ప్రాణములు కోల్పోయిరి. అది వానకాలమైనను కాదు, నడివేసవి. అటుపిమ్మట చాలా ఏండ్లపాటు అమావాస్యకును పౌర్ణమికిని చేరువైన కొద్ది దినములలో మాత్రమే ఆ కొండ ఎక్కుటకు అనుమతి ఉండెను. వాన హెచ్చరిక ఉన్నచో ఆ దినములలోను త్రోవ మూయుచుండిరి. 2017 నవంబరు 30 న ఒక్కి తుపాను కన్యాకుమారిని ఆనుకొని పోయినది. అది మాలధారుల నడక సాగు కాలమే. 2023 డిసెంబరు 17, 18 తేదులలో మనకు ఆగ్నేయమున ఉన్న కాయల్‌పట్టణమున ఒక్క దినమున సుమారు 95 సెంటీమీటర్ల వాన కురిసినది. తెంకాశి, తిరునెల్వేలి మండలములు నీట మునిగినవి. కార్తిక మార్గశిరములలో మన కొండలమీది ఆకాశము ఎంత చేయగలదో ఎంచుకొనుటకు ఈ లెక్కలు చాలును.

నీటికంటె మోసకరమైనది చలి. "మన కొండలలో మంచు కురియదు గదా, చలి ఏమి చేయును?" అని పలువురు అడుగుదురు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినచో వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గును. మన కొండలలో 1,500 మీటర్లు మించిన శిఖరములు పెక్కు కలవు. అచ్చటి కార్తికపు రాత్రి చలి పొడిబట్టలతో నున్నవానికి సుఖముగనే ఉండును. తడిసినవానికి అట్లు కాదు. నీరు గాలికంటె ఇరువదింతలకు పైగా వేగముగా ఒంటిలోని వేడిని లాగివేయును. దానికి గాలి తోడైనచో చెప్పనక్కరలేదు. మన ఊరు నూలు మిల్లుల ఊరు. దాపుననే ఛత్రపట్టి కట్టుగుడ్డల నేతకు పేరుపడినది. నూలే మనకు అన్నము పెట్టినది. ఐనను నిజము చెప్పవలెను: తడిసిన నూలుబట్ట కొండమీద శత్రువు. అది నీటిని పట్టి ఉంచును, వేడిని ఉంచదు. గొర్రెల కాపరి గొంగడి తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. ఆ కాపరి ఏ పుస్తకమును చదువకయే దీనిని నేర్చెను. ఒక జత పొడిబట్టలను నీరు చొరని సంచిలో కట్టి, పడుకొనువరకు విప్పరాదను నియమము చిన్నదిగా తోచును. అదియే ప్రాణము నిలుపు నియమము.

వెలుతురు లెక్క మరియొకటి. మనము కనుమలకు తూర్పు ప్రక్కన ఉన్నాము. సూర్యుడు కొండ వెనుకకు పోవును గనుక మన లోయలలో పంచాంగపు అస్తమయమునకు చాలా ముందే చీకటి చిక్కబడును. కొండనడకకు ఎంత సేపు పట్టునో అంచనా వేయుటకు 1892 లో నైస్మిత్ అను స్కాట్లండు దేశస్థుడు ఒక సులభమైన లెక్క చెప్పెను: మూడు మైళ్ళకు ఒక గంట, పైకెక్కు ప్రతి 2,000 అడుగులకు మరియొక గంట. ఇది ఆరోగ్యవంతునికి, మంచి దారిలో, మంచి వాతావరణములో చెప్పిన లెక్క. వీపున బరువుతో, జారు రాళ్ళమీద, జలగలను దులుపుకొనుచు నడచువాడు దానికి ఇంచుమించు సగము చేర్చుకొనవలెను. అట్లు చేర్చుకొని చూచినచో ఒక దినములో పోగలమనుకొన్న దూరము రెండు దినముల దూరమగును. అప్పుడు అన్నము రెండింతలు కావలెను, మూట బరువెక్కును, నడక మరింత మందమగును. ఏర్పాటనగా ఈ ముడులను ఇంటివద్ద కూర్చుండి విప్పుకొనుటయే.

మూటను గూర్చి మన సంప్రదాయమే చక్కని పాఠము చెప్పుచున్నది. శబరిమలకు పోవువారి ఇరుముడికి రెండు అరలు. ముందరి అరలో స్వామికి సమర్పించు నేతికొబ్బరికాయయు పూజాద్రవ్యములును ఉండును. వెనుకటి అరలో దారిలో తన పొట్టకు కావలసినవి ఉండును. దైవమును నమ్మినవాడు కూడ వెనుకటి అరను ఖాళీగా ఉంచలేదు. నమ్మకము ఉన్నచో ఏర్పాటు అక్కరలేదనువారు ఆ వెనుకటి అరను తలచుకొనవలెను. ఎరుమేలినుండి అళుదా నది దాటి, కరిమల ఎక్కి దిగి, పంబ చేరు పాతదారిని అడవిలో నడచినవారికి ఆ అరలోని అటుకులును బెల్లమును ఎంత విలువైనవో తెలియును. 41 దినముల వ్రతమును ఈ కన్నుతోనే చూడవచ్చును. మితాహారము, నేలపడక, చన్నీటి స్నానము, చెప్పులు లేని నడక: ఇవి మనస్సును మాత్రమే కాదు, ఒంటిని కూడ దారికి సిద్ధపరచును. గురుస్వామి ఇరుముడి కట్టునప్పుడు ఒక బాధ్యతను కూడ తనకు కట్టుకొనును. తన వెంట వచ్చువారిలో కడపటివాని నడకయే జట్టు నడక యని ఆయన ఎరుగవలెను.

ఇట్లు జట్టును తలచితిమి గనుక తోడివారిని గూర్చి విచారింపవలెను. జట్టులో దారి చూపుటకు కూలికి వచ్చిన మనిషి ఒకడు ఉండును. మన కొండల అడుగున పళియరుల గూడెములు కలవు. తేనె తీయుట, అడవిసరకు ఏరుట వారి పని. కొండ మనకు సెలవుదినపు ముచ్చట, వారికి ఇల్లు. ఆ మనిషి మబ్బును చూచి "వద్దండి, తిరిగిపోదాం" అనినప్పుడు మనము "ఇంకొక వంద ఇస్తాం, పద" అందుము. ఇది బేరము వలె తోచును, నిజమునకు బలవంతము. ఇంట బియ్యము లేనివాడు కాదనలేడు. తన తెలివి వలదని చెప్పుచుండగా, తన ఆకలి పదమని త్రోయగా, అతడు మన ముందు నడచును. అతని తెలివికి కూలి ఇచ్చి, ఆ తెలివిని మాత్రము త్రోసివేయుట ఎంత వింత! కావున బయలుదేరకముందే అతనితో ఒక మాట అనవలెను: "నీవు తిరుగుమన్నచోట తిరుగుదుము; తిరిగినను నీ పూర్తి కూలి నీదే." ఈ ఒక్క మాట చెప్పక కొండ ఎక్కినవాడు ఎంత మంచి పాదరక్షలు తొడిగినను ఏర్పాటు చేసినవాడు కాడు.

అడవికి కూడ ఒక ధర్మము కలదు. 2021 లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యము ఏర్పడినది. అందు అనుమతి లేక నడచుట నేరము. కొందరు దీనిని అధికారుల వేధింపుగా ఎంచుదురు. ఐనను 2018 మార్చి 11 న తేని మండలపు కురంగణి కొండలలో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరువదిమందికి పైగా నడకగాండ్రు మరణించిన సంగతి మరువరాదు. అది ఎండిన గడ్డి కాలము; ఇది పొంగు ఏళ్ళ కాలము. ఋతువు మారును, ఋతువును లెక్కింపని తప్పు మారదు. ఆ విషాదము పిమ్మట ఈ రాష్ట్రమున కొండనడకకు నియమములు వచ్చినవి. 2024 లో ప్రభుత్వము 40 దారులను ఏర్పరచి, స్థానికులకు శిక్షణ ఇచ్చి మార్గదర్శకులుగా నియమించినది. అనుమతిపత్రము అడుగుటయనగా మనము ఎచ్చట ఉన్నామో ఒకరికి తెలియజేయుట. తెలియని చోట తప్పిపోయినవానిని ఎవరు వెదకగలరు?

ఇక కష్టమైన సంగతికి వచ్చితిమి. తిరుగవలసినప్పుడు తిరుగుదుమని అందరును అందురు. కాని ఆ క్షణమున దానిని నిర్ణయించు మనస్సు ఏ స్థితిలో ఉండును? ఒంటి వేడిమి 35 డిగ్రీల దిగువకు జారినప్పుడు మొదట వణుకు పుట్టును. తరువాత వ్రేళ్ళు ముడి వేయలేవు, మాట తడబడును, ఆలోచన మసకబారును. కడపట వణుకు కూడ ఆగిపోవును. "నాకేమీ లేదు, నడుద్దాం" అని ఆ మనిషియే చెప్పును. అనగా తీర్పు చెప్పవలసినవాడే రోగి. దీనికి తోడు అలసట, శిఖరము చేరువైనదను ఆశ, తోడివారి ముందు చులకన కారాదను అభిమానము. ఇన్నిటి నడుమ మంచి నిర్ణయము పుట్టుననుకొనుట అమాయకత్వము. కావున తిరుగు నిర్ణయమును ఇంటివద్దనే, పొడిబట్టలతో, వేడి అన్నము తిని, అందరును కూర్చుండి చేయవలెను. "మధ్యాహ్నము ఒంటిగంటకు ఎచ్చట ఉన్నను మరలుదుము. మోకాలికి మించిన పరుగునీటిని దాటము. ఒక్కనికి వణుకు పుట్టినను ఆగుదుము. ఒక్కడు తిరుగుదమన్నను అందరును తిరుగుదుము." ఈ నాలుగు మాటలను కాగితముమీద వ్రాసి ఒక ప్రతిని ఇంటిలో ఉంచవలెను. కొండమీద అప్పుడు ఎవరును పిరికివారు కానక్కరలేదు, వ్రాసినదానిని పాటించువారగుదురు. ఈ పద్ధతి దుర్బలులకని తలంపరాదు. 1996 మే 10 న ఎవరెస్టు శిఖరముమీద మధ్యాహ్నము రెండు గంటలకు మరలవలెనని చెప్పుకొన్న జట్లలో పలువురు ఆ వేళ దాటిన పిమ్మటను పైకి నడచిరి. తుపాను వచ్చినది. ఆ రెండు దినములలో ఎనమండుగురు మరణించిరి; వారిలో ప్రసిద్ధులైన నాయకులును కలరు. నియమము లేక కాదు, నియమమును శిఖరము దగ్గర మరల విచారణకు పెట్టుటచే ఆపద వచ్చినది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ కలదు. "ఇట్లు లెక్కలు వేయుచు కూర్చున్నచో లోకమున ఏ గొప్ప కార్యమును జరుగదు. మన పూర్వులు మంచి వాతావరణము కొరకు కాచుకొనియుండినచో ఇంత దూరము వచ్చియుందురా?" అని. ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. సాహసము లేని జాతి ఎండిపోవును. ఐనను సాహసము కాచుకొనదనుట నిజము కాదు. కిష్కింధాకాండమును చూడుడు. సీతను కోల్పోయి, శోకముతో దహించుకొనిపోవుచు, శ్రీరాముడు వానకాలపు నాలుగు నెలలు కొండగుహలో గడపెను. సేనలు కదలుటకు శరత్తు రావలెను. అంతటి దుఃఖమునకు ఋతువును మన్నించు ఓర్పు ఉన్నప్పుడు, మన విహారమునకు ఎందుకుండరాదు? ఓర్పు ధైర్యమునకు విరోధి కాదు. ధైర్యము తన పనిని ఎన్నుకొను వేళ అది.

మరలుటను గూర్చియు ఇట్లే. 1909 జనవరి 9 న ఎర్నెస్టు షాకిల్టను దక్షిణధ్రువమునకు సుమారు 180 కిలోమీటర్ల దూరమున నిలిచెను. అంతకుముందు ఎవరును అంత దక్షిణమునకు పోలేదు. ధ్రువము చేరగలడేమో, చేరినచో తిరిగివచ్చుటకు తిండి చాలదు. ఆయన ముగ్గురు సహచరులతో మరలెను. నలుగురును బ్రతికి ఇల్లు చేరిరి. మూడేండ్లు కాకముందే ఆ కీర్తి అముండ్‌సెన్‌కు దక్కినది. ఐనను లోకము షాకిల్టనును ఓడినవాడని చెప్పుకొనుట లేదు. తనవారిని తిరిగి తెచ్చినవాడని చెప్పుకొనుచున్నది.

మన తెలుగువారిలో ఈ సందర్భమున మల్లి మస్తాన్‌బాబును తలపక ఉండరాదు. నెల్లూరు మండలపు పల్లెలో పుట్టి, కోరుకొండ సైనికపాఠశాలలో చదివి, 2006 లో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను 172 దినములలో ఎక్కిన ధీరుడాయన. 2015 మార్చి కడపటి దినములలో, దక్షిణార్ధగోళమున శరత్తు మొదలగు వేళ, ఆండీసు పర్వతములలో ఒంటరిగా శిఖరమునకు పోయి వాతావరణము చెడి మరణించెను. అర్జెంటీనా, చిలీ దేశములవారు వెదకిరి. ఏప్రిలులో దేహము దొరకినది. సముద్రములు దాటి స్వగ్రామము చేరినది. ఆయన నేర్పును, ఏర్పాటును శంకించుటకు మనకు అర్హత లేదు. మనము నేర్వవలసినది ఇంతే: అంతటివాని విషయమునను కొండ తన స్వభావమును మార్చుకొనదు, ఒంటరిగా పోయినవాని వెనుక కూడ రెండు దేశములు, ఒక పల్లె, ఒక తల్లి నిలుచుందురు.

"నా ప్రాణము, నా ఇష్టము" అను మాట ఇచ్చటనే వీగిపోవును. వరదలో చిక్కినవానికొరకు త్రాడు నడుమునకు కట్టుకొని నీటిలో దిగు అగ్నిమాపకదళపు మనిషికిని ప్రాణము కలదు. అతడు దిగనని అనడు. మనము అజాగ్రత్తగా పోవునప్పుడు మన ప్రాణమును మాత్రమే పందెము కాయుట లేదు. మనకు పేరైనను తెలియనివాని ప్రాణమును అతనిని అడుగకయే ఒడ్డుచున్నాము. తన ధనమును దానము చేయువాడు ఉదారుడు. పరుని ధనమును దానము చేయువానిని ఏమందుము?

మరి ఇన్ని తెలిసియు మనుష్యులు ఏల మరలరు? చలివలన కాదు, అజ్ఞానమువలన కూడ కాదు, చాలవరకు సిగ్గువలన. మరల కిష్కింధకే పోవుదము. దక్షిణమునకు పోయిన అంగదుని జట్టుకు సుగ్రీవుడు నెల గడువు ఇచ్చెను. గుహలో చిక్కుకొని వారు గడువు దాటిరి. సీత జాడ దొరకలేదు. అప్పుడు అంగదుడు ఉత్త చేతులతో పోవుటకంటె సముద్రతీరమున అన్నము మాని చచ్చుట మేలనెను. అతనిని చావునకు సిద్ధపరచినది సముద్రము కాదు, ఇంటివద్ద ఎదురుకాబోవు ముఖము. సంపాతి వచ్చి జాడ చెప్పియుండనిచో వారి గతి ఏమై యుండును? ప్రతి జట్టునకును ఒక సంపాతి దొరకడు. హనుమంతుని చేతినుండి రాలిన తునకయని సంజీవి కొండను చూపుకొను ఊరివారమగు మనము, ఆ ఘట్టమును కూడ ఒకమారు చదువుకొనుట మంచిది.

కావున ఈ విచారమునకు ఫలితమును నేను నడచువారికంటె ఇంట ఉండువారికి ఎక్కువగా విన్నవించుచున్నాను. కుర్రవాడు సగము దారినుండి తిరిగివచ్చినప్పుడు మనము ఏమందుము? "ఏం బాబూ, కొండ అప్పుడే కరిగిపోయిందా?" అని వేళాకోళమాడుదుము. పదిమందిలో వాని మామయ్య నవ్వును, బావ నవ్వును. ఆ నవ్వును తలచుకొని మరుసటి ఏడు వాడు పొంగు ఏటిలో అడుగుపెట్టును. ఆ అడుగులో మన పాలు కలదు. తిరిగివచ్చినవానికి కూడ చేరినవానితో సమానముగా కాళ్ళకు నీళ్ళిచ్చి, వేడిగా అన్నము పెట్టి, "మంచి పని చేశావు నాయనా" అను ఇల్లు ఏ గొంగడికంటెను, ఏ పటముకంటెను ఎక్కువగా వానిని కాపాడును. మాల వేసుకొన్న పిల్లవాడు వాగు దాటలేక వెనుదిరిగినచో వ్రతభంగమయ్యెనని ముఖము చిట్లింపరాదు. తోడివాని చలిని చూచి ఆగినవాని ఇరుముడిలో ముందరి అర కూడ నిండియే ఉన్నది.

తెలుగు ఇండ్లలో గడప దాటువాడు "పోతాను" అనడు. అనరాదని చిన్ననాడే నేర్పుదురు. "పోయివస్తాను" అనును. మన చుట్టునున్న తమిళులును అట్లే అందురు. ఇంట తెలుగును వీధిని తమిళమును పలుకు మనకు రెండు భాషలును ఒకే పాఠమును చెప్పుచున్నవి. శిఖరమునకు మనము ఇచ్చుకొన్న మాట మన మనస్సులో మాత్రమే ఉండును. గడపవద్ద ఇచ్చిన మాటను విన్నవారు ఉన్నారు. ఈ రెండు మాటలకు విరోధము వచ్చినప్పుడు ఏది నిలుపవలెనో ఇక వేరుగా చెప్పనక్కరలేదు. కొండ వచ్చే కార్తికమునకును అచ్చటనే ఉండును.